వైజాగ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీకి క్లయింట్లు ఎక్కడ దొరుకుతారు: గూగుల్, ఇన్‌స్టా, మ్యాప్స్, కాలినడక

ద్వారకానగర్‌లో ఒక గది, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక డిజైనరు, ఒక వీడియో ఎడిటరు. ఊళ్లో చాలా ఏజెన్సీలు ఇలాగే మొదలవుతాయి. ఇతరుల షాపులకు ప్రచారం చేసిపెట్టడం వీళ్లకు తెలిసిన విద్యే. సొంత సంస్థ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగు దారుల కూడలిలో నిలబడిపోతారు. గూగుల్‌లో డబ్బు పెట్టాలా, ఇన్‌స్టాలో పెట్టాలా, లింక్డిన్‌లో రాయాలా, లేక బండి వేసుకుని షాపు షాపుకూ తిరగాలా?

ఐదుగురిలోపు మనుషులతో నడుస్తూ, నెలకు 10,000 నుంచి 25,000 రూపాయల ఫీజు ఇచ్చే స్థానిక వ్యాపారుల కోసం చూస్తున్న సంస్థలకు ఈ పోలిక పనికొస్తుంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మొదటి ఐదుగురు క్లయింట్ల దాకా గూగుల్ మ్యాప్స్‌లో సంస్థ నమోదు (లిస్టింగు), షాపు షాపుకూ కాలినడక చాలు. ఆ తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టా ప్రకటనలు మొదలుపెట్టండి. గూగుల్ యాడ్స్ ఆఖరున. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు.

ఒక క్లయింటు కోసం ఎంత పెట్టొచ్చు

ఏ దారి ఎంచుకోవాలన్నా ముందు ఈ అంకె తేలాలి. నెల ఫీజు 15,000 అనుకుందాం. డిజైనరు, ఎడిటరు జీతాల్లో ఈ క్లయింటు వాటా, షూటింగ్‌కు తిరుగుడు, సాఫ్ట్‌వేర్ కలిపి 8,000 పోతే మిగిలేది 7,000. సగటున ఆరు నెలలు ఉంటాడనుకుంటే 42,000. అందులో మూడో వంతు, అంటే 14,000 దాకా ఒక క్లయింటును తెచ్చుకోవడానికి పెట్టొచ్చు. అంతకు మించితే జీతాలు చేతి డబ్బుతో ఇవ్వాల్సి వస్తుంది.

ఈ 14,000 కూడా పూర్తిగా ప్రకటనలకు చేరదు. గూగుల్ యాడ్స్‌లో ముందే డబ్బు వేసే పద్ధతి పెట్టుకుంటే వేసిన మొత్తంలోంచే 18 శాతం జీఎస్టీ తీసేస్తారు. 10,000 వేస్తే క్లిక్కులకు మిగిలేది సుమారు 8,475. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, యాడ్ ఖాతాలో ఆ నంబరు నమోదు చేసి ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి రాబట్టుకోవచ్చు. లేకపోతే అది నేరుగా ఖర్చే.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. సేవల వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని పరిమితి ఏడాదికి 20 లక్షలు. ఐదుగురు క్లయింట్ల దగ్గర 15,000 చొప్పున ఫీజు ఏడాదికి 9 లక్షలు, పరిమితికి చాలా దూరం. కానీ వాళ్ల యాడ్ బడ్జెట్ నెలకు 30,000 చొప్పున మీ కార్డుతో కట్టి, మొత్తం కలిపి మీ బిల్లులో వేస్తే ఇంకో 18 లక్షలు తోడవుతుంది. టర్నోవరు కాగితం మీద 27 లక్షలు. యాడ్ డబ్బు ఎప్పుడూ క్లయింటు కార్డు నుంచే పోయేలా పెట్టండి. మొహమాటపడి మన కార్డు ఇస్తే పన్నుతోపాటు బకాయి వసూలు తలనొప్పి కూడా మనదే.

గూగుల్ యాడ్స్: వెతికేవాడు క్లయింటేనా?

సిద్ధాంతం ప్రకారం గూగుల్‌ను మించింది లేదు, అవసరం ఉన్నవాడే వెతుకుతాడు కాబట్టి. కానీ వైజాగ్‌లో ఈ రంగానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. డిజిటల్ మార్కెటింగ్ అని, పక్కన ఊరి పేరు పెట్టి వెతికేవాళ్లలో కోర్సు కోసం, ఉద్యోగం కోసం చూసే కుర్రాళ్లు చాలామంది ఉంటారు. డైమండ్ పార్కు నుంచి ద్వారకానగర్ లైన్ల దాకా శిక్షణ సంస్థల బోర్డులు చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఆ క్లిక్కులకు మీరు డబ్బు కడతారు. వచ్చే ఫోను మాత్రం "సార్, కోర్సు ఎన్ని నెలలు, ప్లేస్‌మెంట్ ఉందా" అని.

అందుకే ప్రకటన ఆన్ చేయకముందే నెగటివ్ కీవర్డుల (ఈ మాటలతో వెతికితే మా ప్రకటన చూపొద్దని గూగుల్‌కు చెప్పే మాటల) జాబితా వేయాలి: కోర్సు, ట్రైనింగ్, ఇన్‌స్టిట్యూట్, క్లాసెస్, సిలబస్, సర్టిఫికెట్, జాబ్, జాబ్స్, శాలరీ, ఫ్రెషర్, ఇంటర్న్‌షిప్, ఫ్రీ, పీడీఎఫ్. జాబ్, జాబ్స్ రెండూ రాయడం పొరపాటు కాదు. నెగటివ్ కీవర్డులు అక్షరదోషాలను పట్టుకుంటాయి గానీ ఏకవచనం, బహువచనం, పర్యాయపదాలను పట్టుకోవు. దేనికది రాయాల్సిందే. మొదటి రెండు వారాలు రోజూ సెర్చ్ టర్మ్స్ రిపోర్టు (జనం నిజంగా ఏం వెతికితే ప్రకటన కనిపించిందో చూపేది) తెరిచి కొత్త కలుపు ఏరేయాలి.

కొత్త ఖాతాలో ముందే టిక్కు పెట్టి ఉండే సెట్టింగులు మూడున్నాయి. డిస్‌ప్లే నెట్‌వర్క్ (ఇతర సైట్లు, యాప్‌లలో ప్రకటన), సెర్చ్ పార్టనర్లు (గూగుల్ కాని వెతుకుడు సైట్లలో ప్రకటన) రెండూ తీసేయండి. లొకేషన్ దగ్గర "ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లు లేదా ఆసక్తి చూపినవాళ్లు" అని ఉంటుంది. దాన్ని "ఉన్నవాళ్లు" అని మార్చండి, లేకపోతే ఎక్కడో ఉండి వైజాగ్ గురించి వెతికినవాళ్లకూ ప్రకటన పోతుంది. క్లయింటు అరకు రిసార్టో, బీచ్ రోడ్డు హోటలో అయితే మాత్రం తిరగేసి ఆలోచించాలి. గది బుక్ చేసేవాడు హైదరాబాద్‌లోనో కోల్‌కతాలోనో ఉంటాడు, కాబట్టి అక్కడ ఆ "ఆసక్తి" టిక్కే కావాలి. సొంత ఏజెన్సీకి పెట్టిన సెట్టింగులే హోటలు ఖాతాకు కాపీ కొట్టడం తరచుగా జరిగే పొరపాటు.

కీవర్డుల్లో వైజాగ్, విశాఖపట్నం రెండు పేర్లూ ఉండాలి, రెండు రకాలుగానూ వెతుకుతారు. మరీ సన్నగా, "గాజువాక డెంటల్ క్లినిక్ మార్కెటింగ్ ఏజెన్సీ" లాంటివి పెడితే అంతమంది వెతకరు గనక గూగుల్ దాన్ని తక్కువ సెర్చ్‌ల కీవర్డుగా పక్కన పెట్టేస్తుంది. రోజు బడ్జెట్ 300 పెడితే ఒక్కో రోజు 600 దాకా పోవచ్చు, అది లోపం కాదు. నెల మొత్తం మీద రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటనివ్వదు.

ఇవన్నీ చేసినా, నెలకు 15,000 కన్నా తక్కువ పెట్టగలిగేవాళ్లకు ఈ దారి వద్దనే చెబుతాం. క్లిక్కులు చాలక, ఏ ప్రకటన పనిచేసిందో తేలక ముందే డబ్బు అయిపోతుంది.

మ్యాప్స్ లిస్టింగు

ఖర్చు సున్నా, శ్రమ వారం. ఫలితానికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. దగ్గర (వెతికేవాడికి ఎంత దూరంలో ఉంది), సంబంధం (వెతికినదానికి సరిపోతుందా), పేరు (ఎంత పేరున్న సంస్థ) అనే మూడింటి మీద గూగుల్ వరస నిర్ణయిస్తుంది. మొదటిది మన చేతిలో లేదు. మధురవాడలో ఆఫీసు ఉన్న సంస్థ గాజువాకలో వెతికేవాడికి పైన కనిపించడం కష్టం. మధ్యలో పాతిక కిలోమీటర్ల పైమాటే. ఆఫీసు ఇంకా తీసుకోకపోతే ఈ కోణంలోనూ ఆలోచించండి. అసీల్‌మెట్ట, ద్వారకానగర్, సిరిపురం ప్రాంతం నుంచి ఊరి నడిబొడ్డు వ్యాపారాలన్నీ అందుతాయి. అద్దె ఎక్కువే, ఆ తేడాను ప్రకటనల ఖర్చు కిందే లెక్కేసుకోవచ్చు.

లిస్టింగులో సంస్థ పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయాలి. పేరు వెనక "బెస్ట్ డిజిటల్ మార్కెటింగ్ కంపెనీ ఇన్ వైజాగ్" అని తగిలిస్తే కొన్నాళ్లు పైకి వస్తుంది, ఎవరో ఒకరు ఫిర్యాదు చేసిన రోజున లిస్టింగు సస్పెండ్ అవుతుంది. పక్కవాడివి చూసి మోసపోకండి. కేటగిరీ మార్కెటింగ్ ఏజెన్సీ అనే పెట్టండి. ట్రైనింగ్ కేటగిరీ కూడా చేరిస్తే మళ్లీ అదే కోర్సుల ఫోన్లు.

వెరిఫికేషన్‌కు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. కట్ చేయకుండా ఒకే షాట్‌లో వీధి, పక్క షాపులు, మీ బోర్డు, తాళం తీసి లోపలికి వెళ్లడం, లోపల పనిచేసే సామగ్రి కనిపించాలి. బోర్డు లేకుండా తీసిన వీడియోలు తిరిగొస్తాయి. ఇంటి నుంచి నడిపేవాళ్లు చిరునామా దాచి, సేవలందించే ప్రాంతాలు ఇవ్వొచ్చు, 20 దాకా వీలుంది.

రివ్యూలు నెలకు మూడు నాలుగు, సహజంగా రావాలి. ఒకే రోజు పదిహేను పడితే కొన్ని మాయమవుతాయి. రివ్యూ రాస్తే ఫీజులో తగ్గింపు ఇస్తామనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. క్లయింటు పని జరిగిన రోజునే లింకు పంపండి, నెలాఖరున పంపితే పక్కన పెట్టేస్తాడు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా ప్రకటనలు

షాపు యజమాని "నాకు మార్కెటింగ్ ఏజెన్సీ కావాలి" అని గూగుల్‌లో వెతకడు. రాత్రి షట్టరు దించాక రీల్స్ చూస్తాడు. ఈ దారి బలం అదే. బలహీనత కూడా అక్కడే ఉంది: అతను వెతకలేదు, మనం అడ్డం వచ్చాం.

వ్యాపార యజమానులను కచ్చితంగా పట్టే టార్గెటింగ్ అంటూ ఏదీ లేదు. ఫేస్‌బుక్ పేజీ అడ్మిన్లు అనే వర్గం కొంత దగ్గరగా వస్తుంది. అసలు వడపోత ప్రకటనలోనే జరగాలి. "మీ వ్యాపారాన్ని పెంచుకోండి" అంటే ఎవరూ ఆగరు. "గాజువాకలో ఫర్నిచర్ షాపా? మ్యాప్స్‌లో మీ టైమింగ్స్ తప్పుగా ఉన్నాయేమో చూశారా" అంటే ఫర్నిచర్ షాపువాడు ఆగుతాడు. మొదటి మూడు సెకన్లలో వ్యాపారం పేరు, ప్రాంతం పేరు రావాలి.

ప్రకటన ఎవరికి చూపాలో మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టా కంపెనీ) యంత్రం నేర్చుకోవడానికి ఒక యాడ్ సెట్‌కు (ఒకే బడ్జెట్, ఒకే జనం మీద నడిచే ప్రకటనల గుంపుకు) వారంలో సుమారు 50 ఫలితాలు కావాలి. ఒక్కో లీడుకు (ఆసక్తి చూపి నంబరు ఇచ్చినవాడికి) 250 పడుతుందనుకుంటే వారానికి 12,500. చిన్న ఏజెన్సీ అంత పెట్టలేదు. కాబట్టి అది నేర్చుకునే దశ దాటదని ఒప్పుకుని, కనీసం ఉన్న డబ్బును ముక్కలు చేయకండి. రోజుకు 500 ఉంటే ఒకే క్యాంపెయిన్, ఒకే యాడ్ సెట్, లోపల మూడు వీడియోలు. 100 చొప్పున ఐదు యాడ్ సెట్లు పెట్టి, రోజూ సెట్టింగులు మార్చుతూ కూర్చుంటే ఏదీ కుదురుకోదు.

లీడ్ ఫారమా, వాట్సాప్‌కు తీసుకెళ్లే ప్రకటనా? ఫారంలో పేరు, నంబరు ముందే నిండి ఉంటాయి. వేలు తగిలితే చాలు లీడు పడుతుంది, ఫోను చేస్తే "నేనెక్కడిచ్చాను" అంటారు. ఫారం పెట్టాలనుకుంటే 'హయ్యర్ ఇంటెంట్' రకం (పంపేముందు వివరాలు మరోసారి సరిచూసుకోమనేది) ఎంచుకుని, చేత్తో రాయాల్సిన ప్రశ్న ఒకటి చేర్చండి: షాపు పేరు, ఏరియా. స్థానిక వ్యాపారులకు మేము వాట్సాప్‌వైపే మొగ్గుతాం. లెక్కకు తక్కువ వస్తాయి, వచ్చినవాడు తన వేళ్లతో టైప్ చేసి వస్తాడు. రాత్రి పదింటికి వచ్చిన మెసేజ్‌కు వెంటనే జవాబివ్వండి, ఫోను మాత్రం మర్నాడు షాపు తెరిచి గంట గడిచాక చేయండి.

మ్యాపులో పిన్ను ఆర్కే బీచ్ దగ్గర గుచ్చి చుట్టూ 10 కిలోమీటర్లు పెట్టేవాళ్లున్నారు. ఆ వృత్తంలో సగం బంగాళాఖాతమే. సముద్రంలో డబ్బేమీ పోదు గానీ గోపాలపట్నం, పెందుర్తి వైపు వ్యాపారులు బయట మిగిలిపోతారు. పిన్ను ఎన్‌ఏడీ కొత్తరోడ్డు వైపు జరపండి.

కాలినడక

ఇది నామోషీ అనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి ఒక్కో క్లయింటుకు అతి తక్కువ ఖర్చయ్యేది ఇదే, వెళ్లే పద్ధతి తెలిస్తే. బ్రోచరు పట్టుకుని "సార్, సోషల్ మీడియా చేస్తాం" అంటే గల్లాపెట్టె దగ్గర మనిషి తలెత్తడు. ముందురోజు సాయంత్రం ఒకే వీధిలో పది షాపులు ఎంచుకుని ఒక్కోదానికి పదిహేను నిమిషాలు కేటాయించండి. మ్యాప్స్‌లో పిన్ను సరిగ్గా ఉందా, ఫోన్ నంబరు మోగుతోందా, ఆదివారం టైమింగ్స్ ఉన్నాయా, చెడ్డ రివ్యూకు జవాబిచ్చారా, ఇన్‌స్టాలో చివరి పోస్టు ఎప్పటిది. తప్పులు కనిపించిన నాలుగైదు షాపులకే వెళ్లండి. ఫోన్ తెరిచి ఆ తప్పు చూపించండి. ఒకటి అక్కడికక్కడే ఎలా సరిచేసుకోవాలో ఉచితంగా చెప్పండి. మూడో రోజు మళ్లీ వెళ్లినప్పుడు బేరం మాట్లాడొచ్చు.

వేళ ముఖ్యం. కురుపాం మార్కెట్ బంగారం షాపులకు మధ్యాహ్నం 3 నుంచి 5, శుక్రవారం వద్దు. రామ్‌నగర్, మహారాణిపేట క్లినిక్కులకు ఉదయం ఓపీకి, సాయంత్రం ఓపీకి మధ్య. హోటళ్లకు నాలుగింటి తర్వాత. పెళ్లిళ్ల సీజన్‌లో బట్టల షాపు మెట్లెక్కకండి. మూఢం వెళ్లాక మొదలెడదాం అంటే వాదించొద్దు, అడ్వాన్సు ఆ తర్వాతే తీసుకుంటామని చెప్పి ఈలోగా పేజీ యాక్సెస్‌లు సరిచేయించుకోండి.

కాలినడకకు తోడు పరిచయాలు. ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు, సీసీ కెమెరాలు బిగించేవాళ్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు కొత్తగా తెరుచుకునే షాపు గురించి మీకన్నా నెల ముందే తెలుసుకుంటారు. మొదటి నెల ఫీజులో పదో వంతు వాళ్లకిస్తే ఇద్దరికీ లాభం. చార్టర్డ్ అకౌంటెంట్ల దగ్గర మాత్రం కమీషన్ ప్రస్తావన తేకండి, వాళ్ల వృత్తి నియమాలు ఒప్పవు.

మిగతావి క్లుప్తంగా

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. పాత పరిచయాలను వెచ్చగా ఉంచడానికి బాగుంటుంది, కొత్త క్లయింట్లకు కాదు. కొన్న నంబర్ల జాబితాకు గుంపుగా పంపితే జనం బ్లాక్ చేస్తారు, నంబరు పోతుంది. దాంతోపాటు క్లయింట్లతో ఉన్న చాట్లూ పోతాయి.

లింక్డిన్ షాపులకు దండగ. దువ్వాడ సెజ్, పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం, పోర్టు చుట్టూ ఉన్న షిప్పింగ్, లాజిస్టిక్స్ కంపెనీలు మీ లక్ష్యమైతే మాత్రం అదే దారి, కాకపోతే ఒక్కో ఒప్పందానికి నెలలు పడుతుంది. విదేశీ ఫ్రీలాన్స్ సైట్లు నగదు కొరత తీరుస్తాయి. ఫైవర్‌లో సంపాదనలో 20 శాతం వాళ్లకే పోతుంది, ఊళ్లో పేరు పెరగదు.

ఏ వ్యాపారం వాళ్లను పట్టుకోవాలి

దారి ఎంపిక కన్నా కొన్నిసార్లు ఇదే పెద్ద ప్రశ్న. మధురవాడ, ఆనందపురం, భోగాపురం వైపు రియల్ ఎస్టేట్ వాళ్ల బడ్జెట్లు పెద్దవి, ఓపిక చిన్నది. ప్రకటనలో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా ఉండాలి. నంబరు లేని ప్రాజెక్టు అయితే పని ఒప్పుకోకండి. కోచింగ్ సెంటర్లకు 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు వచ్చాయి. ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ఫొటో వాడాలంటే ఫలితం వచ్చాక రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. క్లినిక్కులతో భాష జాగ్రత్త. షుగరు, క్యాన్సరు లాంటివి నయం చేస్తామంటూ మందులకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అరకు, లంబసింగి టూర్లు నడిపేవాళ్లు అక్టోబరు నుంచి జనవరి దాకా బంగారుబాతు, మే నెలలో ఫోను ఎత్తరు. అలాంటివాళ్లతో నెలవారీ ఒప్పందం కన్నా ఆగస్టు చివర్లో మొదలై ఫిబ్రవరికి ముగిసే సీజను ఒప్పందం మేలు.

కొత్త ఏజెన్సీకి మా ఓటు డెంటల్, స్కిన్, ఫిజియోథెరపీ క్లినిక్కులకు. ఏడాది పొడవునా గిరాకీ ఉంటుంది, యజమాని ఒక్కడే, ఒక్క పేషెంటు వచ్చినా విలువ కనిపిస్తుంది.

ఫీజు ఎలా అడగాలి

యాడ్ ఖర్చులో శాతం అడగడం పెద్ద బడ్జెట్లకు బాగుంటుంది. 20,000 బడ్జెట్‌లో 15 శాతమంటే 3,000, డిజైనరు టీ ఖర్చుకూ చాలదు. లీడుకు ఇంత అనే ఒప్పందం వినడానికి ఇద్దరికీ ముద్దు. నెలాఖరున గొడవ తప్పదు: "ఈ నంబరు ఎత్తట్లేదు, ఇది శ్రీకాకుళం వాడిది, ఇతను పోయిన నెలే అడిగాడు." ఆ దారిలోనే పోవాల్సివస్తే చెల్లే లీడు ఏదో ముందే రాసుకోండి: రెండు రోజుల్లో మూడుసార్లు చేస్తే ఒక్కసారైనా ఫోను ఎత్తాలి, ఒప్పుకున్న ప్రాంతంలో ఉండాలి, 30 రోజుల్లో అదే నంబరు మళ్లీ రాకూడదు, అభ్యంతరం 48 గంటల్లోపు చెప్పాలి. మొదటి ఏడాది స్థిరమైన నెల ఫీజు, ముందస్తు చెల్లింపు, మూడు నెలల కనీస కాలం తీసుకోవడమే సుఖం.

యాడ్ ఖాతా, పేజీ, మ్యాప్స్ లిస్టింగు మూడూ క్లయింటు పేరు మీదే తెరిపించి, మీరు పార్ట్‌నర్‌గా, మేనేజరుగా చేరండి. మీ ఉద్యోగి సొంత ఫేస్‌బుక్ ఐడీతో పేజీ తెరిస్తే, అతను మానేసిన రోజున పేజీ కూడా అతనితోపాటే పోతుంది. పని మొదలుపెట్టే రోజునే ఎవరి దగ్గర ఏ యాక్సెస్ ఉందో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేసి, ఒక కాపీ షాపులోనే ఉంచిరండి.